సనదు లేని ఉస్తానీమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఏడాదికి సరిపడా చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంటే ఫోనుకు ఒక వీడియో వచ్చింది. పంపింది నా పాత శిష్యురాలు. బాగేపల్లి ప్రభుత్వ పాఠశాలలో నా దగ్గర లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు నేనుంటున్న ఈ చిక్కబళ్ళాపురలోనే నర్సుగా పనిచేస్తున్న పిల్ల. మామూలుగా ఏది పంపినా కింద నాలుగు పువ్వుల బొమ్మలు పెడుతుంది. ఈసారి ఏమీ పెట్టలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని తెరిచి చూశాను. బాగేపల్లిలో ఆడపిల్లల కోసం కొత్తగా కట్టిన అరబ్బీ బడి ప్రారంభోత్సవం. వేదిక నిండా మగవాళ్ళు, ఒక్కొక్కరి భుజం మీద ఒక శాలువ. ఆడవాళ్ళు ఎక్కడున్నారా అని వెతికితే పక్కన కట్టిన తెర కింద చెప్పులు మాత్రం కనిపించాయి. మైకు ముందు నిలబడిన పెద్దమనిషిని గుర్తుపట్టాను. గడ్డం తెల్లబడింది గానీ గొంతు అదే. “మన ఊర్లో ఆడపిల్లలకి దీను నేర్పించే పని మొట్టమొదటిసారి మన కమిటీ చేస్తాండాది,” అన్నాడు. దీను అంటే వాళ్ళ మతధర్మం. వేదిక మీద ఉన్నవాళ్ళందరూ నిండుగా తలలు ఊపారు.

‘మొట్టమొదటిసారి’ దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మూడుసార్లు విన్నాను. మూడోసారికి ఒళ్ళో ఉన్న పళ్ళెం వాలిపోయి గింజలన్నీ గచ్చు మీద దొర్లాయి. అరవై ఆరేళ్ళ వయసులో, రోజూ రక్తపోటు మాత్ర వేసుకునే మనిషికి ఇంత కోపం పనికిరాదని మా డాక్టరు అంటాడు. ఆయనకు ఉస్తానీమా తెలియదు.

ఉస్తానీ అంటే పాఠం చెప్పే ఆమె. చివర ఆ ‘మా’ అమ్మ అన్నట్టు. బాగేపల్లిలో బస్టాండు వెనక మేమున్న వీధిలో హిందువులం కూడా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. అసలు పేరు ఒకసారి రేషన్ కార్డులో అచ్చుతప్పు దిద్దించడానికి అర్జీ రాసిపెట్టినప్పుడు తెలిసింది, ఆ తర్వాత మళ్ళీ అవసరం పడలేదు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. చింతామణి నుంచి కోడలిగా వచ్చిందట. లారీ నడిపే భర్త ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయాడు. పిల్లలు లేరు. కుట్టు మిషను పెట్టుకుని వీధి ఆడవాళ్ళ రవికలు కుట్టేది. చింతామణిలో వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న అరబ్బీ చదువును ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట తన వసారాలో ఆడపిల్లలకు చెప్పేది. నేను ఆ ఇంట్లో ఉండగానే ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు పెళ్ళిళ్ళయి తమ పిల్లలను తెచ్చి చేర్చారు.

మా మామగారిది దేవుడి సేవ చేసే వంశం. తెల్లవారి స్నానం చేసి స్తోత్రాలు మొదలుపెట్టేవారు. సరిగ్గా అదే వేళకు గోడ అవతల ఇరవై గొంతులు లేచేవి. ఈయన గొంతు పెంచితే ఆ పిల్లలు పెంచేవాళ్ళు. పిల్లలు కదా, వాళ్ళకు అది ఆట. కొత్తకోడలిగా వంటింట్లో నిలబడి ఇంక తగాదా తప్పదని నేను భయపడేదాన్ని. మామగారు ఒకరోజు కాఫీ తాగుతూ, “ఆ పిల్లోళ్ళు తప్పు చదివితే ఆయమ్మ ఆపి మళ్ళా చదివిస్తాది. నేను తప్పు చదివితే చెప్పేవాళ్ళు ఎవురుండారు?” అన్నారు. ఆయన పోయేదాకా ఆ గోడ మీద ఒక్క మాట పడలేదు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళ సంగతి చెబుతాను.

ఉస్తానీమా పొట్టి మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే అక్కడ కుట్టుదారం చుట్టి ఏళ్ళ తరబడి అలాగే వాడింది. కూర్చున్న పిల్లల గోళ్ళు ముందు చూసేది, తర్వాత పాఠం. ఆమె పెట్టుకున్న నియమం ఒకటుంది. బడికి పోని పిల్లకు తన దగ్గర పాఠం లేదు. శనివారం సాయంత్రం గోడ మీద చెయ్యి ఆనించి నన్ను పిలిచేది. “టీచరమ్మా, ఈ వారం ఎవురెవురు ఎగ్గొట్టినారు?” నేను పేర్లు చెబితే సోమవారం ఆ పిల్లలు ముఖాలు వేలాడేసుకుని మా తరగతిలో హాజరు. హాజరుపట్టీలో ఆ వీధి ఆడపిల్లలది ఎప్పుడూ అందరికంటే మెరుగు అని పైఅధికారులు ఒకసారి నన్ను మెచ్చుకుని కొబ్బరికాయ, శాలువ ఇచ్చారు. ఆ శాలువ కప్పుకుని ఇంటికి వచ్చాను. ఎవరికి చెందాల్సిందో తెలిసి కూడా కప్పుకునే వచ్చాను. అప్పుడు అదేమంత తప్పుగా తోచలేదు.

పిల్లలకు పాఠం ఒక్కటే కాదు. వీధిలో వాళ్ళ ఆడవాళ్ళు ఎవరు చనిపోయినా శవానికి స్నానం చేయించి, కఫను గుడ్డ కత్తిరించి తొడిగేది ఆమే. అది ఆడవాళ్ళే చేయాలి, పద్ధతి తెలిసినవాళ్ళు చేయాలి. గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళు ఆమె వసారాలో చేరేవాళ్ళు. మౌల్వీగారిని అడగలేని సందేహాలన్నీ అక్కడికే వచ్చేవి. బాలింత ఉపవాసం ఉండాలా, మొగుడు కొడితే పుట్టింటికి పోతే పాపమా, ఆస్తిలో కూతురికి పాలుందంటారు నిజమేనా. తెలిసింది చెప్పేది. తెలియకపోతే, “ఇది నాకు తెలీదమ్మా, అడిగి చెప్తా,” అనేది. చింతామణిలో ఒక ముసలి మౌల్వీగారికి ఉత్తరం రాయించి, జవాబు వచ్చాక అందరికీ చదివి వినిపించేది. నేను ముప్పై రెండేళ్ళు బడిలో పనిచేశాను. నాకు తెలియదు అని తరగతి ముందు చెప్పిన ఉపాధ్యాయులను వేళ్ళ మీద లెక్కపెట్టగలను, ఆ లెక్కలో నేను లేను.

ఇదంతా సాగుతుండగా పన్నెండేళ్ళ కిందట ఒక పెళ్ళి వచ్చింది. పెళ్ళికూతురు మసీదు కమిటీ అధ్యక్షుడికి అన్న కూతురు. ఆ అధ్యక్షుడే పైన మైకు ముందు నిలబడిన పెద్దమనిషి. ఆ పిల్లే నాకు వీడియో పంపిన నర్సు. పీయూసీ పాసై పద్దెనిమిది నిండి నెల కాలేదు. నర్సింగుకు పోతానంటే, చదివింది చాలని, తనకంటే పదహారేళ్ళు పెద్దవాడికి, భార్య పోయిన మనిషికి కుదిర్చారు. పిల్ల ఏడ్చింది, అన్నం మానేసింది, ఎవరూ వినలేదు. నిఖా రోజు పద్ధతి ఏమిటంటే, పెళ్ళికూతురి తరపు పెద్ద ఒకరు, సాక్షులిద్దరు ఆడవాళ్ళ గదికి వచ్చి, ఈ పెళ్ళి నీకు సమ్మతమా అని అడగాలి. ఆమె సరే అంటేనే అవతల మగవాళ్ళ దగ్గర పెళ్ళి సాగుతుంది. చాలాచోట్ల పిల్ల తల దించుకుని ఏడుస్తుంటే పక్కన అత్తో పిన్నో ‘సరే అంటాండాది’ అని తేల్చేస్తారట. ఆరోజు నేనూ ఆ గదిలో ఉన్నాను, చేతిలో బహుమతిగా తెచ్చిన స్టీలు బిందెతో. అడిగినాయన అడిగాడు. ఒక పెద్దామె నోరు తెరవబోతుంటే ఉస్తానీమా ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“నువ్వు పలకొద్దు. అడిగింది ఆ బిడ్డని. ఆ బిడ్డే చెప్పాల.”

పిల్ల తల ఎత్తలేదు. గొంతు మాత్రం స్పష్టంగా వచ్చింది. “నాకొద్దు.”

ఆయన మళ్ళీ అడిగాడు. పిల్ల మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడగడానికి ఆయనకు మనసొప్పలేదు, లేచి వెళ్ళాడు. పెళ్ళి ఆగింది. బయట కేకలు, బిరియాని దేగిసాలు, తిరిగి వెళ్ళిన జీపులు, అవన్నీ మీరే ఊహించుకోండి. నేను బిందె పట్టుకుని వెనక్కి వచ్చాను. ఆ బిందె తర్వాత ఆ పిల్ల హాస్టలుకు పోయేటప్పుడు ఇచ్చాను.

పదిరోజులు తిరగకముందే కమిటీకి ఉస్తానీమా దగ్గర సనదు లేదన్న విషయం తెలిసింది. సనదు అంటే ఫలానా చోట చదివి పాసయ్యానని ఇచ్చే పత్రం. ముప్పై ఐదేళ్ళుగా లేని పత్రం ఆ వారమే కనపడకుండా పోయినట్టు మాట్లాడారు. ఆడపిల్లలను సనదు లేనివాళ్ళ ఇళ్ళకు పంపకూడదని శుక్రవారం నమాజు తర్వాత ప్రకటించారు. మసీదు గోడకు ఉర్దూలో ఒకటి, కన్నడంలో ఒకటి కాగితాలు అంటించారు. పేరు రాయలేదు. రాయాల్సిన పని లేదు, ఊళ్ళో అలాంటి ఇల్లు ఒక్కటే. నలుగురు కమిటీవాళ్ళు ఆమె వసారాకు వచ్చి ఆ మాటే మర్యాదగా చెప్పారు. నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. ఆరేసిన బట్టలే మళ్ళీ దులిపి ఆరేస్తున్నాను.

“సరేప్పా,” అంది ఆమె, ముందు నిలబడిన అధ్యక్షుడితో. “ఒకటి అడుగుతా. నువ్వు చెప్పు. మీయమ్మకి ఖురాను ఓదేది ఎవురు నేర్పించినారు?”

అధ్యక్షుడు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

“మీ ఆడమనిషికి?”

వెనకున్న ముగ్గురు గుమ్మం వైపు జరిగారు.

“మీ ఇద్దురు బిడ్డలకి? వాళ్ళు ఇండ్లలో చేసే నమాజంతా నా దగ్గర నేర్చుకునిందే కదా. అది చెల్లుతాదా, చెల్లదా? దానికి జవాబు చెప్పి పొండి.”

జవాబు చెప్పకుండానే పోయారు. మర్నాడు ఉదయం గోడ అవతల ఇరవై గొంతులకు బదులు రెండు వినిపించాయి. ఆ మర్నాడు అవీ లేవు.

నాకు అసలు కోపం తెప్పించింది ఆ తర్వాత జరిగింది. నెల తిరగకముందే అధ్యక్షుడి తల్లి పోయింది. ఉదయం పదింటికి ఒక మనిషి వచ్చి ఉస్తానీమా గుమ్మం ముందు నిలబడ్డాడు. పిలవడానికి వచ్చినవాడు చెప్పులు చూసుకుంటున్నాడు గానీ తల ఎత్తలేదు. ఊళ్ళో ఆ స్నానం చేయించగల ఆడమనిషి మరొకరు లేరు. ఆమె కుడుతున్న రవిక పక్కన పెట్టి, కత్తెర తీసుకుని బయలుదేరింది. నేను బడికి పోవడానికి గొళ్ళెం వేస్తున్నదాన్ని, ఆగలేక వెంట నడిచి అడిగాను, ఎందుకు పోతున్నారు, సనదున్నవాళ్ళను పిలుచుకోమని చెప్పకూడదా అని.

“ఆయమ్మ నా వసారాలో ముప్పై ఏండ్లు కూర్చునింది టీచరమ్మా. ఆయమ్మ కోసరం పోతాండా. వాళ్ళ కోసరం కాదు.”

పోయింది, స్నానం చేయించింది, కఫను తొడిగింది, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి రవిక పూర్తి చేసింది. వచ్చే శుక్రవారానికైనా ఆ కాగితాలు చింపేస్తారని నేను ఎదురుచూశాను. బడికి పోతూ వస్తూ చూసేదాన్ని. ఎండకు రంగు మారాయి, ఒక మూల ఊడింది, ఊడిన మూలను ఎవరో మళ్ళీ అంటించారు. చచ్చినవాళ్ళను కడగడానికి ఆ చేతులు కావాలి, బతికున్న ఆడపిల్లతో మాట్లాడడానికి ఆ నోరు పనికిరాదు. ఇది వాళ్ళ మతం చెప్పిన మాట కాదని ఉస్తానీమాయే నాకు నేర్పింది. మైకు ముందు నిలబడినవాళ్ళు తమ అవసరానికి కట్టుకున్న మాట. మా ఇంట్లో చూడలేదా నేను? మా అమ్మమ్మకు పురాణాలన్నీ నోటికి వచ్చు, ఊళ్ళోవాళ్ళు తిథులు అడగడానికి వచ్చేవాళ్ళు, ఆమె తలుపు వెనక నుంచి చెబితే తాతయ్య అరుగు మీద కూర్చుని అదే మాట మళ్ళీ చెప్పేవారు. పండితుడని సన్మానం తాతయ్యకు జరిగింది.

ఆ తర్వాత కమిటీవాళ్ళు సనదున్న అమ్మాయిని ఎక్కడి నుంచో తెచ్చి మసీదు పక్క గదిలో పాఠం పెట్టించారు. ఇరవై రెండేళ్ళది, బాగా చదువుకున్నది. ఆమె గురించి చెడ్డమాట నేను అనను. వచ్చిన రెండో వారమే ఉస్తానీమా ఇంటికి వచ్చి, “నాకు పుస్తకంలో ఉండేది తెలుసు గానీ శవం మీద చెయ్యి వేసి ఎరగను, నేర్పించండి,” అని అడిగింది. ఈ పెద్దామె పలుకులో తప్పు లేదు, ఆమెనూ పాఠం చెప్పనివ్వండి అని కమిటీకి కూడా చెప్పింది. ఏడాది పూర్తికాకుండానే ఆ అమ్మాయినీ పంపేశారు. గది మూసి నీళ్ళ క్యాన్లు పెట్టుకున్నారు.

ఇంతవరకు చెప్పింది అంతా మరొకరి తప్పు. ఇక నాది. ఆ గది మూతపడ్డాక పిల్లలు వీధిలో ఖాళీగా తిరగడం చూడలేక, నేనే ఒకరోజు గోడ దగ్గరికి పోయి ఉస్తానీమాను పిలిచాను. మా హాల్లో సాయంత్రం లెక్కల ట్యూషను పెడతాను, ముందు అర్ధగంట నేను భిన్నాలు చెబుతాను, వెనక అర్ధగంట మీరు అరబ్బీ చెప్పండి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “మీ ఇల్లు దేవుని ఇల్లు, మీకు కష్టమైతాది,” అంది. నా ఇల్లు, నా ఇష్టం అని నేను గొప్పగా చెప్పాను. నాలుగుసార్లు అడిగాక వచ్చింది. తొమ్మిది మంది పిల్లలు. ట్యూషనే కదా అని తల్లులు ధైర్యంగా పంపారు, తండ్రులు అడగలేదు. మూడు నెలలు జరిగింది. నా జీవితంలో అంత బాగా భిన్నాలు నేనెప్పుడూ చెప్పలేదు. భిన్నం చెబుతుంటే ఉస్తానీమా వెనక కూర్చుని వినేది. ఆస్తి పంపకంలో పాళ్ళ లెక్క దాంతో తేలికగా వస్తుందని గ్రహించి, ఒకరోజు తనే బోర్డు మీద వేసి చూపించింది. మా పిల్లలకంటే తొందరగా పట్టుకుంది.

మా బావగారికి తెలిసింది. మామగారి తర్వాత గుడి పని చూసేది ఆయనే. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చారు. హాల్లో పాఠం జరుగుతోంది కనుక ముందు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. మధ్యలో ఒక పలచని తలుపు. బావగారు కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడారు.

“నాయన పూజ చేసిన ఇంట్లో ఇదేం పనిప్పా? ఊరంతా అడుగుతాండారు. ఆయమ్మని రానిచ్చింది ఎవురు?”

మా ఆయన పేపరు మడిచి మళ్ళీ విప్పారు. నేను ఖాళీ గ్లాసులు పళ్ళెంలో సర్దుకుంటూ నిలబడ్డాను. ఈయన గొంతూ ఆ కమిటీ అధ్యక్షుడి గొంతూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి అనుకున్నాను. అనుకున్నాను అంతే. తలుపు తెరుచుకుంది. ఉస్తానీమా తల మీద కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

“టీచరమ్మ తప్పు ఏమీ లేదప్పా. నేనే అడిగి వచ్చినా. రేపటినుంచి రాను.”

ఆమె అడిగి రాలేదు. నాలుగుసార్లు నేను అడిగితే వచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, వెనక నిలబడ్డ తొమ్మిది మంది పిల్లలకు తెలుసు. నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయాను. కుళాయి తిప్పి గ్లాసులు కడిగాను. నిజం చెప్పాలంటే, ఆ నీళ్ళ చప్పుడులో నాకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. గొడవ లేకుండా పోయిందిలే అని.

రెండు నెలలకు ఆమె ఇల్లు అమ్ముకుని చింతామణిలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. పోయే రోజు నేను బడిలో పరీక్షల పని ఉందని చెప్పుకున్నాను. తర్వాత నాకు బదిలీ, రిటైరు కావడం, మా ఆయన పోవడం, చిక్కబళ్ళాపురలో ఈ ఇల్లు. పదేళ్ళలో చింతామణి మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను. బస్సు స్టాండులో ఆగేది, నేను దిగేదాన్ని కాదు.

వీడియో చూసిన రెండో రోజు దిగాను. టమాటా మార్కెట్టు దాటి రెండు వీధులు అడుగుతూ పోతే ఇల్లు చూపించారు. ఆమెకు డెబ్బై ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. చూపు దాదాపు పోయింది. నా గొంతు విని, “టీచరమ్మా,” అని చెయ్యి చాచింది. పక్కన ఇద్దరు పడుచులు కూర్చుని చదువుతున్నారు, తప్పు వస్తే ఈమె వినికిడితోనే పట్టి దిద్దుతోంది. టీ వచ్చింది. నేను వీడియో సంగతి చెప్పాను, నా కోపమంతా కలిపి చెప్పాను. ఎంతమంది ఆడపిల్లలు చేరారు అని అడిగింది. నలభై దాకా అట అన్నాను.

“చేరనీ, మంచిదే,” అంది. టీ గ్లాసు పక్కన పెట్టి, “మొట్టమొదట అని ఎందుకనాల? వాళ్ళమ్మకి తెలిస్తే ఏమనుకుంటాది?” అంది. ఆ గొంతులో కోపం విని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ ధైర్యంతోనే ఆ ఆదివారం సంగతి ఎత్తాను. ఆ రోజు నేను మాట్లాడలేదు, మీరు నా తప్పు మీద వేసుకున్నారు, నేను ఊరుకున్నాను అన్నాను. పోనీలే అంటుందని అనుకున్నాను. మనవాళ్ళలో పెద్దవాళ్ళు అలాగే అంటారు, మనం కళ్ళు తుడుచుకుని తేలికపడి ఇంటికి వస్తాం.

ఆమె అలా అనలేదు. “పిలిచింది నేనే అని ఒక్క మాట అనుంటే బాగుండు,” అంది మెల్లగా. “మీ వాకిట్లో చెప్పులు తొడుక్కుంటా కాసేపు నిలబడినా. అంటారేమో అని.”

అంతే అంది. తర్వాత పడుచుల వైపు తిరిగి, ఆపిన చోటి నుంచి చదవమంది. నేను వాళ్ళ పాఠం అయ్యేదాకా కూర్చుని, సాయంత్రం బస్సుకు వచ్చేశాను. శిడ్లఘట్ట దాకా కిటికీ దగ్గర కూర్చుని ఆ మాటను లోపల పలికి చూసుకున్నాను. రెండు మాటలు. తొందరపడకుండా చెప్పినా ఒక్క నిమిషం కూడా పట్టదు, దాన్ని చెప్పకుండా గడపడానికి నాకు పదేళ్ళు పట్టింది.